అసలు తండ్రి పేరు

మడ అడవుల్లో తరిగిపోతున్న చేపలు పట్టే పిల్లుల జాతి మా ఇళ్ళలోనైనా నిలవాలని టెక్సస్‌లో పెంచుతున్నాం. వాటన్నిటి వంశావళి రాసేది లొరెట్టా. రాజవంశాలకైనా అంత శ్రద్ధ దక్కిందో లేదో! ఒకసారి వెల్మా కంచె గడియ వేయడం మరిచిపోతే, ఆమె ఆడపిల్లి సొంత అన్నతో కలిసి కూనను పెట్టింది. స్నేహితురాలి పరువు కోసం లొరెట్టా ఆ కూనకు వేరే తండ్రి పేరు రాసింది. ఏళ్ళ తరువాత, ఆ కూనను పెంచుకుంటున్న ఓరిన్ దానికి జత అడిగితే, తన అబద్ధం మరిచి తన రాతను తానే నమ్మి, అసలు తండ్రి కొడుకునే చూపింది. గుడ్డికూన పుట్టింది.

"నా మేపులోనే ఏదో తేడా వచ్చినట్టుంది, లొరెట్టమ్మా," అన్నాడు ఓరిన్.

"నీ తప్పేం లేదయ్యా. తండ్రి పేరు అబద్ధం రాసింది నేనే."

"ఇంకెన్ని రాశావు?"

"అదొక్కటే."

"అదీ నీ మాట మీదే నమ్మాలా?"

మరునాడు లొరెట్టా అందరికీ ఫోన్ చేసి, పిల్లులన్నిటికీ తండ్రి ఎవరో తేల్చే రక్తపరీక్ష చేయించమని బతిమాలింది.