బల్లకి ఇవతలి కుర్చీ

విశాఖపట్నం ద్వారకా నగర్‌లో బస్సుల కాంప్లెక్సుకి దగ్గరి సందులో, కింద పునుగుల బండి, పైన మూడో అంతస్తులో మా కోచింగ్ సెంటర్. కుర్రాళ్లని ఉద్యోగాల ఇంటర్వ్యూలకి తయారు చేసి పంపడం మా పని. తలుపు ఎలా తియ్యాలి, కుర్చీలో ఎంతవరకు వెనక్కి జరగాలి, జీతం ఎంత ఆశిస్తున్నావని అడిగితే ఏ మాత్రం నవ్వాలి, అన్నీ నేర్పుతాం. నేను అక్కడ లెక్కలు చెబుతాను. నా గదికీ పక్క గదికీ మధ్య ఉన్నది ప్లైవుడ్ చెక్క ఒక్కటే. పక్క గదిలో నాగమణి మేడం మాటలు నాకు వినపడకూడదంటే నా చెవులు ఇంట్లో వదిలి రావాలి.

నాగమణి గారు ఇంటర్వ్యూ మేడం. అంటే ఉత్తుత్తి ఇంటర్వ్యూలు చేసే మేడం. నిజానికి ఆవిడ మా సెంటర్లో చేరింది ఫీజు రసీదులు రాయడానికి. ఒకనాడు ఇంటర్వ్యూలు చేసే సారు కడుపునొప్పని రాలేదు. బయట పిల్లలు టైలు బిగించుకుని వరసలో నిలబడి ఉన్నారు. మా యజమాని అర్జునరావు గారు అటూ ఇటూ చూసి, రసీదు పుస్తకం పక్కన పెట్టించి, నాగమణి గారిని బల్ల వెనక కూర్చోబెట్టారు. ప్రశ్నల కాగితం చేతికిచ్చారు. లోపలికొచ్చిన మొదటి కుర్రాడితో ఆవిడ ఒక్క మాటే అన్నారు.

"కూర్చోండి."

ఆ గొంతులో ఏముందో మరి! స్పష్టంగా, తీరుబడిగా, ఎక్కడో పైనుంచి వచ్చినట్టు వినపడింది. కుర్రాడు కుర్చీ అంచున కూర్చుని, అడక్కుండానే ఫైలు చేతికిచ్చేశాడు. అర్జునరావు గారు ఆ సాయంత్రమే పవరు లేని కళ్లజోడు ఒకటి కొని తెచ్చి ఆవిడకిచ్చారు. "పెట్టుకోండి మేడం, ఇంకో పదేళ్లు పెద్దగా కనిపిస్తారు" అన్నారు. ఆడవాళ్లతో అనకూడని మాట అని ఆయనకి ఇప్పటికీ తెలీదు.

అప్పట్నుంచీ అదే పని. కళ్లజోడు పెట్టుకుంటే మేడం, తీసేస్తే కంచరపాలెం పట్టాల పక్క వీధి నాగమణి. పోర్టులో క్రేను నడిపే చలమయ్య గారి భార్య. ఆవిడ ముందు వణికినవాళ్లు మందుల కంపెనీల్లో చేరారు, షోరూముల్లో చేరారు, మధురవాడలో కంప్యూటర్ కంపెనీల మెట్లెక్కారు. ఉద్యోగం రాగానే మిఠాయి పట్టుకొచ్చి కాళ్లకి దణ్ణం పెట్టేవాళ్లు. ఆవిడ ఒక ముక్క తుంచుకుని, వాళ్లు వెళ్లాక వాళ్లు కూర్చున్న కుర్చీ వంక కాసేపు చూసేవారు.

ఎందుకలా చూస్తారని ఒకసారి పునుగుల బండి దగ్గర అడిగాను.

"ఏటీ నేదు సారూ. ఒక్కపాలి ఆ కుర్సీలో కూకోవాలనుంటాది. ఎదరోడు నన్ను అడగాల, 'మీ గురించి సెప్పండి' అని. రోజూ నానే అడుగుతన్నాను. నన్నెవుళూ అడగలేదు."

"పెళ్లిచూపుల్లో అడగలేదా?"

"అప్పుడు కూరలొచ్చా, పూజలొచ్చా అనడిగినారు. కాఫీ ఇచ్చీసి లోపలికెల్లిపోయినాను. అక్కడికక్కడే సెలక్ట్ చేసీసినారు. ఆర్డరు కాయితం కూడా లేదు." పునుగు నోట్లో పెట్టుకుని నవ్వారు. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

ఈ ఏడాది వేసవిలో ఆ కుర్చీ ఆవిడని వెతుక్కుంటూ వచ్చింది.

భీమిలి రోడ్డులో సముద్రానికి ఎదురుగా కొత్త హోటల్ కట్టారు. పనివాళ్లందరినీ కొత్తగా తీసుకుంటున్నారు. వచ్చేవాళ్లతో ఎలా మాట్లాడాలో వాళ్లకి నేర్పడానికి ఒక మనిషి కావాలి. ఆ హోటల్లో ఉద్యోగుల ఎంపిక చూసే అమ్మాయి ఫర్హా. వన్ టౌన్‌లో దర్జీ గారి అమ్మాయి. ఒకప్పుడు నాగమణి గారి ముందు కూర్చుని ఏడ్చేసిన పిల్ల. ఫోన్ చేసింది.

"మేడం, మీరు రండి. మీరైతే బాగుంటుంది. కానీ ఇంటర్వ్యూకి మాత్రం రావాలి. మా మేనేజర్ గారు ఉంటారు."

ఇంటర్వ్యూ! నాగమణి గారు ఫోన్ పెట్టేసి, కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకున్నారు.

ఆ రాత్రి చలమయ్య గారికీ ఆవిడకీ జరిగిన చర్చ తర్వాత ఆవిడే నాకు అభినయించి చూపించారు.

"ఏటే, ఈ వయసులో నీకు కొత్త ఉద్యోగమేటి?"

"ఉద్యోగం కోసం కాదయ్యా. అడిగించుకోడానికెల్తన్నాను."

"అడిగించుకోడానికా? అదేటో నాను అడుగుతాను. సెప్పు, రేపు కూరేటి?"

"ఇదిగో, ఇందుకే ఎల్తన్నాను."

వెళ్లారు. ఆకుపచ్చ చీర కట్టుకుని, కళ్లజోడు సంచిలో పెట్టుకుని, పొద్దున్నే బస్సెక్కి వెళ్లారు. హోటల్లో ఒక కుర్రాడు ఆవిడని చల్లటి గదిలోకి తీసుకెళ్లి, "కూర్చోండి మేడం, వచ్చేస్తారు" అని తలుపు వేసి పోయాడు. గదిలో బల్ల. బల్లకి అటు రెండు కుర్చీలు, ఇటు ఒక కుర్చీ.

ఇక్కడే జరిగింది.

ఇన్నేళ్ల అలవాటు! కాళ్లు వాటంతటవే బల్ల చుట్టూ తిరిగి వెళ్లాయి. సంచి బల్ల మీద పెట్టారు. కళ్లజోడు తీసి పెట్టుకున్నారు. గోడ గడియారం చూసుకున్నారు. బల్ల మీద ఉన్న కాగితాలు సర్దారు కూడా. అంతలో తలుపు తెరుచుకుని మేనేజర్ అనిరుధ్ గారు లోపలికొచ్చారు. ఆయన బెంగళూరు నుంచి బదిలీ అయ్యి కొత్తగా వచ్చారు. బల్ల వెనక కళ్లజోడుతో, నిటారుగా కూర్చున్న పెద్దావిడని చూసి, హెడ్డాఫీసు నుంచి ఎవరో తనిఖీకి వచ్చారనుకున్నారు.

"గుడ్ మార్నింగ్ మేడం" అన్నారు చొక్కా సర్దుకుంటూ.

"గుడ్ మార్నింగ్. కూర్చోండి" అన్నారు నాగమణి గారు.

కూర్చున్నారు. ఆ గొంతుకి కూర్చోనివాళ్లని నేనింతవరకు చూడలేదు.

"మీ గురించి చెప్పండి."

చెప్పడం మొదలెట్టారు! ఎక్కడ చదివారో, ఏయే హోటళ్లలో చేశారో, ఇక్కడి గాలి ఇంకా పడలేదనీ, ఇల్లు దొరకలేదనీ. నాగమణి గారు తల ఊపుతూ, "చేతులు అలా నలపకండి, కంగారు పడుతున్నట్టు కనిపిస్తుంది" అన్నారు. ఆయన చేతులు ఒళ్లో పెట్టుకున్నారు. అప్పుడొచ్చింది ఫర్హా. గుమ్మంలోనే ఆగిపోయింది. నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

"మేడం... మీ కుర్చీ ఇటు."

నాగమణి గారికి చెవుల దాకా వేడెక్కింది. లేచారు. సంచి జారి కిందపడి, అందులోంచి మధ్యాహ్నానికి తెచ్చుకున్న పులిహోర డబ్బా దొర్లుకుంటూ పోయి అనిరుధ్ గారి బూటు దగ్గర ఆగింది. ఆయనే వంగి తీసిచ్చారు. మంచివాడే. నవ్వడానికి ప్రయత్నించారు కూడా. కానీ ఎవరికో ఇల్లు దొరకలేదని చెప్పుకున్నాక, వాళ్లని ప్రశ్నలడగడం మనిషికి కొంచెం కష్టం.

నాగమణి గారు బల్లకి ఇవతలికొచ్చి కూర్చున్నారు. కళ్లజోడు తీసేశారు. ఎన్నాళ్లుగానో చూసిన కుర్చీ. అది అవతలి దానికంటే కాస్త కిందకుంటుందని ఆవిడకి అప్పుడే తెలిసింది.

ఫర్హా గొంతు సవరించుకుంది. మెత్తగా, ప్రేమగా అడిగింది.

"మీ గురించి చెప్పండి మేడం."

నాగమణి గారు నోరు తెరిచారు. వచ్చిందేమిటంటే, "ఐ యామ్ ఎ ఫ్రెషర్. ఐ యామ్ ఎ హార్డ్ వర్కర్ అండ్ క్విక్ లెర్నర్. మై హాబీస్ ఆర్ ప్లేయింగ్ క్రికెట్ అండ్ లిజనింగ్ టు మ్యూజిక్..."

ఇన్నేళ్లుగా ఆ కుర్చీలోంచి ఆవిడ విన్న జవాబది. ఆవిడ గొంతులోంచి అదే వచ్చింది, ఒక్క తప్పు లేకుండా. క్రికెట్ దగ్గర ఆగారు.

"అది మేమంతా మీకు చెప్పింది మేడం" అంది ఫర్హా. "మీ గురించి."

ఆవిడకి చెప్పాల్సింది ఉంది. నాలిక చివరే ఉంది. నవ్వుతారేమో అనిపించింది. మంచినీళ్లు తాగారు. "ఇంకేటీ నేదమ్మా" అన్నారు.

"థాంక్యూ మేడం. మేం కబురు పెడతాం" అన్నారు అనిరుధ్ గారు.

ఆ మాట రోజూ సాయంత్రానికి నాగమణి గారు ఎందరితో అంటారో! దాని అర్థం ఆవిడకి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. ఫర్హా బస్టాపు దాకా వచ్చి చెయ్యి పట్టుకుంది. "బాగానే అడిగావే, ఏడవకు" అని ఆవిడే ఫర్హాని ఊరుకోబెట్టి బస్సెక్కారు.

ఇదంతా మాకు సోమవారం పునుగుల దగ్గర చెప్పి నవ్వించారు. పులిహోర డబ్బా దగ్గర అర్జునరావు గారికి పొలమారింది. "కబురు పెడతాం" అన్న మాట దగ్గర మాత్రం ఎవరం నవ్వలేదు. చెయ్యి తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకుని ఆవిడ పైకి వెళ్లారు. వెనకే నేనూ వెళ్లి నా గదిలో శాతాల లెక్కలు మొదలెట్టాను.

అవతల ఇంద్రజ అనే అమ్మాయి కూర్చుంది. హార్బర్ దగ్గర చేపలమ్మే గంగాలమ్మ కూతురు. బెదురు లేని పిల్ల. ప్రశ్నలన్నీ అయ్యాయి. చివర్లో అలవాటు ప్రకారం నాగమణి గారు, "మమ్మల్ని ఏమైనా అడగాలా?" అన్నారు. ఆ ప్రశ్నకి "లేదు, థాంక్యూ" అనాలని మేమే నేర్పుతాం. ఇంద్రజ ఆ క్లాసుకి రాలేదు కాబోలు.

"అడగాల మేడం. మీరు రోజూ మమ్మల్ని అడుగుతారు గదా. మీ గురించి సెప్పండి."

చెక్కకి ఇవతల నేను సుద్దముక్క దించాను.

అవతల కళ్లజోడు బల్ల మీద పెట్టిన చప్పుడు.

"మా పుట్టిల్లు కూడా పట్టాల పక్కనేనమ్మా. సిన్నప్పుడు స్టేషన్లో మైకు మా ఇంటిదాకా ఇనపడేది. దానెనకాల్నే నానూ అనీదాన్ని. ఇంటర్ సదివినప్పుడు మా వీధిలో టీసీ గారొకాయన ఇని, గొంతు బాగుంది, లచ్చివారం రా, మైకు కాడ కూకోబెట్టి సూత్తారు అన్నాడు."

"ఎల్లినారా?"

"ఆ లచ్చివారమే నా పెళ్లిసూపులు. కాఫీ గలాసులు అట్టుకుని నిలబడ్డాను. అప్పుడు కూడా మైకు ఇనపడతానే ఉంది. ఇప్పటికీ రోజూ ఇనపడతాది."

"ఇప్పుడనండి మేడం. నానింటాను."

"నవ్వకూడదు మరి."

"ఒట్టు."

ఆవిడ మొదలెట్టారు. "ప్రయాణికులకు గమనిక. రాయగడ నుండి విశాఖపట్నం వచ్చు ప్యాసింజర్, మరికొద్దిసేపట్లో ఒకటవ నంబరు ప్లాట్‌ఫారం పైకి వచ్చును..." నా గదిలో పిల్లలు పెన్నులు ఆపేశారు. ఒకడైతే సంచి దగ్గరికి లాక్కున్నాడు.

అప్పుడే ఆ గది తలుపు మీద ఎవరో తట్టారు. తర్వాతి కుర్రాడు. "మే ఐ కమిన్ మేడం?"

ఆవిడ ఎప్పుడూ "రండి" అనేవారు.

"కొంచెం సేపు ఆగు నాన్నా" అన్నారు ఆ రోజు. "నాదింకా అవనేదు."