చివరి వ్యాగన్ చివరికే

తనూజ తండ్రి నూకరాజు బిలాస్‌పూర్ యార్డులో ముప్ఫై ఏళ్లు వ్యాగన్లు తగిలించి, విడదీసి రిటైరయ్యాడు. తనూజ ఆ ఊరి పక్కనే, హైకోర్టు ఉన్న బోద్రీలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఏడేళ్లుగా ఆ వ్యాగన్ల నంబర్లే టైపు చేస్తోంది. డిగ్రీ మధ్యలోనే ఆగిపోయింది. అయినా పక్క సీట్లలో ప్రోగ్రామర్లు రాసే క్లోజర్ అనే కంప్యూటర్ భాషను, మధ్యాహ్నం డబ్బా తిన్నాక మిగిలే అరగంటలో సొంతంగా నేర్చుకుంది. రెండేళ్లు పట్టింది. నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

ఆ ఆగస్టులో కంపెనీ గూడ్సుబండ్లలోకి బొగ్గు నింపే ఒక ప్రైవేటు సైడింగుకు కొత్త ప్రోగ్రాం ఇచ్చింది. గూడ్సుబండిలో వ్యాగన్లు ఏ వరసలో ఉన్నాయో అది చూపించాలి. ఆ వరసను బట్టే బొగ్గు తూకాలు రాస్తారు. తీరా చూస్తే, రెండు ముక్కలుగా వచ్చిన బండిని కలిపి చివర ఇంకో వ్యాగన్ తగిలించినప్పుడల్లా, ఆ చివరిది తెర మీద ఇంజిన్ పక్కన ప్రత్యక్షమయ్యేది. తూకాలన్నీ ఒక్కో వ్యాగన్ జరిగిపోయేవి. మూడు రోజులుగా లోడింగ్ ఆగింది. ప్రోగ్రామర్లు తలలు పట్టుకున్నారు.

నాలుగో రోజు తనూజ మేనేజర్ సందీప్ దగ్గరికి వెళ్లింది.

"సార్, తప్పెక్కడుందో నాకు తెలిసినట్టుంది."

"మీకా? ప్రోగ్రాం రాయడం వచ్చా మీకు?" వరంగల్ నుంచి వచ్చిన సందీప్ ఆశ్చర్యపోయాడు.

"కొంచెం వచ్చు సార్. సూపిస్తాను."

తనూజ కంప్యూటర్లో మూడు నంబర్లతో ఒక వెక్టర్, అంటే ఒక వరస, రెండింటితో ఇంకొకటి రాసి, రెంటినీ అతికించే 'కాన్‌కాట్' అనే కమాండుతో కలిపింది. దానికి ఇంకో నంబరు చేర్చింది. అది ముందుకొచ్చి కూర్చుంది.

"సూసారా? ఈ భాషలో కొత్తది కలిపితే లిస్టులో ముందుకెల్తాది, వెక్టర్లో ఎనక్కెల్తాది. కాన్‌కాట్ చేసాక కూడా అది వెక్టరే అనుకున్నాం. కాదు సార్. అది లిస్టులాగే నడుస్తాది."

"అచ్ఛా! మరెట్ల?"

"మొదటి వెక్టర్లోకే రెండోదాన్ని 'ఇంటూ' అనే కమాండుతో పోసేద్దాం. అప్పుడది వెక్టర్‌గానే ఉంటాది."

ఆమె మార్చింది ఒక్కటే లైను. సందీప్ సైడింగుకు ఫోన్ చేశాడు. అక్కడి గుమాస్తా దిలీప్ ఆగి ఉన్న బండి పక్కన నడుస్తూ, ఇంజిన్ వైపు నుంచి నంబర్లు చదవసాగాడు. తనూజ తెర మీద వేలు పెట్టి ఒక్కొక్కటే సరిచూసింది. ఆఫీసంతా ఆమె వెనక మూగింది. యాభై ఎనిమిదో నంబరు, చివర తగిలించినది, చివరనే ఉంది.

అందరూ ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు.

"మూడు దినాలు ఆ లైనే చదివిన. నాకు కనబడలే," అన్నాడు సందీప్. "రేపట్నుంచి ఈ ప్రోగ్రాం మీదే తనూజ గారూ. ప్రోగ్రామర్‌గా ఆర్డరు ఇయ్యాల్నే రాయిస్త."

సాయంత్రం ఇంటికెళ్తూ హైకోర్టు గేటు ముందు ట్రాఫిక్‌లో స్కూటీ ఆపి, తనూజ పైకే నవ్వేసింది. నల్లకోట్ల ప్లీడర్లు ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు. చూడనీ అనుకుని మళ్లీ నవ్వింది.