రేవు మెట్ల నీళ్ళు

ఆ పరిశోధనశాలలో పెద్ద చదువులవాళ్ళు తొమ్మిదిమంది. వాళ్ళలో ఎవరు సెలవు పెట్టినా పని ఆగదు. నీళ్ళ బాబాయి రాకపోతే మాత్రం అందరూ చేతులు ముడుచుకుని కూర్చోవాల్సిందే. చిన్న బోటు తనే నడుపుకుంటూ గంటన్నర నడిసముద్రంలోకి వెళ్ళి, క్యాన్లు నింపుకుని, మళ్ళీ గంటన్నర వెనక్కి రావడం ఆయన ఉద్యోగం. సముద్రం అడుగు బురదలోంచి ఏరిన సూక్ష్మజీవులకు మేత కలిపేది ఆ నీళ్ళతోనే. కుళాయి నీళ్ళలో ఉప్పు వేసిస్తే అవి మొహం తిప్పేసుకుంటాయి. ఇరవై ఆరేళ్ళుగా వాటి గారాబం ఆయనే చూస్తున్నాడు. క్యాన్ మీద 'నడిసముద్రం' అని ఆయన రాస్తే అందరూ కళ్ళు మూసుకుని నమ్ముతారు.

వాటిలో నాలుగొందల పన్నెండో నంబరు జీవి అంటే అందరికీ ముద్దు. దాన్ని 'పన్నెండు' అని పిలుస్తారు. ఆ మధ్య దాని రసం గాజు గిన్నెల్లో పెంచిన క్యాన్సర్ కణాలను చంపేసింది. అది మందు కావడానికి పదిహేనేళ్ళు పట్టొచ్చు, అసలు కాకపోనూవచ్చు. అయినా దాని మీద పనిచేసే యాభై దాటిన మేడమ్ ఆ రోజు చెప్పులు చేత పట్టుకుని వరండా అంతా పరుగెత్తింది. ఆ వేడుక బాబాయి చూడలేదు. అప్పటికే ఇంట్లో భార్య మంచం పక్కన ఉన్నాడు. ఆమెకొచ్చిన జబ్బూ అదే.

ఆమె పోయాక ఆయనకు పని తప్ప ఇంకేం మిగల్లేదు. ఇంట్లో పళ్ళేలు రెండు, కడగాల్సింది ఒక్కటే. మాట్లాడే మనిషి లేక రేడియోకి జవాబులు చెప్పడం అలవాటైంది. అందుకే బోటును మునుపటికన్నా దూరం తీసుకెళ్ళి మరీ తేటనీళ్ళు తెచ్చేవాడు. సరిగ్గా అప్పటినుంచే పన్నెండు మొండికేసింది. పెరగడం బాగానే పెరుగుతోంది, కానీ దాని రసానికి ఒక్క కణమూ చావడం లేదు. మూడుసార్లు చేసినా అంతే.

ఒక మధ్యాహ్నం బాబాయి సీసాలు కడుగుతుంటే మేడమ్ వచ్చి స్టూలు మీద కూలబడింది.

"శుక్రవారంతో పన్నెండు పని ఆపేయమన్నారు బాబాయ్. అసలు మొదటిసారి వచ్చిన ఫలితమే తప్పంట. నేనే ఎక్కడో పొరబడ్డానంట."

"మీరు పొరబడటమేంటి మేడమ్?"

"నాకే అనుమానం వస్తోంది. అదే మేత, అదే వేడి, అవే నీళ్ళు..."

బాబాయి చేతిలో సీసా జారి తొట్టిలో పడింది.

అవే నీళ్ళు కావు. భార్య ఆఖరి రోజుల్లో ఆయన బోటెక్కలేదు. పడవల తుప్పూ నూనే తేలే రేవు మెట్ల దగ్గర పావుగంటలో క్యాన్లు ముంచి, పైన 'నడిసముద్రం' అని రాసి, ఇంటికి పరుగెత్తేవాడు. అలా రోజుకు మూడు గంటలు మిగిలేవి. "ఏంటి, సముద్రం మనింటి పక్కకొచ్చిందా?" అనేది ఆమె. "నిన్ను చూడ్డానికే వచ్చింది" అనేవాడు. ఆమె అబద్ధం పసిగట్టి నవ్వేది. మాటలు ఆగిపోయాక ఊరికే చెయ్యి పట్టుకుని కూర్చునేవాడు.

ఇప్పుడు గుట్టుగా మెట్ల నీళ్ళే తెచ్చి, పాత పేరే రాసేస్తే? పన్నెండు బతుకుతుంది, తన పేరూ నిలుస్తుంది. కానీ రేపు ఇంకెవరో నిజంగా నడిసముద్రం నీళ్ళతో చేసి చూసి, మేడమ్‌నే అబద్ధాలకోరంటారు. బాబాయి తడి చేతులు పంచెకి తుడుచుకున్నాడు.

"తప్పు నాదమ్మా" అని మొత్తం చెప్పేశాడు.

"ఎన్నాళ్ళు?"

"నలభై ఒక్క రోజులు."

"క్యాన్ మీద మీ రాత తప్ప ఇంకేం చూడలేదు బాబాయ్ నేను, ఇన్నేళ్ళూ!" అంటూ ఆమె విసురుగా వెళ్ళిపోయింది. కాసేపటికి ఎర్రబడిన కళ్ళతో తిరిగొచ్చి, రికార్డు పుస్తకం ఆయన ముందు పెట్టింది. "మీ చేత్తోనే దిద్దండి."

"ఎందుకు చేశానో కూడా రాయాలా?"

"నీళ్ళ సంగతి రాయండి చాలు. మిగతాది పుస్తకానికెందుకు?"

మేడమ్ పైవాళ్ళతో పోట్లాడి మూడు వారాల గడువు తెచ్చుకుంది. మెట్ల నీళ్ళను ఎప్పటిలాగే వడకట్టి, కాచి, మేత కలిపారు. మూడో వారంలో పన్నెండు రసానికి కణాలు చచ్చాయి. ఆ నీళ్ళలో ఉన్నదేమిటో ఇంకా తేలలేదు. ఈసారి మేడమ్ పరుగెత్తలేదు. నెమ్మదిగా కడిగే గది దాకా నడిచొచ్చింది.

"ఇకనుంచి రోజూ మెట్ల నీళ్ళే బాబాయ్. అంత దూరం వెళ్ళక్కర్లేదు మీరు."

మర్నాడు పావుగంటలో క్యాన్లు నిండాయి. వాటి మీద 'రేవు మెట్లు' అని గుండ్రంగా రాసి అప్పగించాడు. అప్పుడు దొంగతనంగా తెచ్చుకున్న మూడు గంటలు ఇప్పుడు ఉద్యోగమే చేతిలో పెట్టింది. పాత అలవాటున కాళ్ళు ఇంటికే నడిచాయి. తాళం తీసి, చెప్పులు విడిచి, మంచం పక్కన ఎప్పుడూ కూర్చునే కుర్చీలో కూర్చున్నాడు. సముద్రం మనింటి పక్కకొచ్చిందా అని ఆమె అడుగుతుందేమోనని కాసేపు చూశాడు.