వట్టివేరు గట్టు

మా నాన్న నిదానస్తుడు. నాకు తెలిసి ఒక్కసారే తొందరపడ్డాడు. ఆ ఒక్కసారికే మా బావి పోవలసింది.

నేరేడ్‌మెట్ పక్కన వాగు గట్టున, మా ఇంటి వెనకే, మాకు కూరగాయల తోట ఉండేది. తాగడానికైనా తడపడానికైనా అందులో ఉన్నది ఒకటే బావి. బావికీ వాగుకూ మధ్య గట్టంతా నాయనమ్మ పెంచిన వట్టివేరు. ఎండాకాలానికి ముందు ఆ వేళ్లు తవ్వి, తడికలు అల్లి, కంటోన్మెంటు బంగ్లాలకు అమ్మేవాళ్లం. వాటిని కిటికీలకు కట్టి నీళ్లు చల్లితే దొరలకు చల్లగాలి, మాకు తిండిగింజలు. దీనికి ఇంట్లో ఒక ఆచారం ఉండేది. దుబ్బు తవ్విన మనిషి చేతులు కడుక్కోకముందే దాని పిలకను అదే గుంటలో నాటాలి. నాటకుండా లేచినవాళ్లకు నాయనమ్మ అన్నం పెట్టేది కాదు.

పోలీసు చర్య జరిగిన ఏడు మాత్రం నాన్న నాటలేదు. ఎక్కడ చూసినా రజాకార్ల భయం. చుట్టాలు మూటలు కట్టుకుని బెజవాడ వైపు వెళ్లిపోయారు. అమ్మ కూడా మూటలు కట్టి గోడకు ఆనించింది. పోయేవాళ్లమే కదా అని నాన్న గట్టంతా తవ్వేశాడు.

"పిలకలేవిరా?" అంది నాయనమ్మ.

"రేపు ఉంటమో పోతమో తెల్వదవ్వా. ఎవని కోసం నాటాలె?"

బావి ఒడ్డున మిగిలిన దుబ్బుల మీదికి కూడా గడ్డపార ఎత్తాడు. నాయనమ్మ వెళ్లి వాటి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"గివి ముట్టకు. ముందుగాల నన్ను తవ్వు."

తల్లితో పెట్టుకుని గెలిచే మొనగాడు కాదు మా నాన్న. గడ్డపార భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

తీరా చూస్తే మేం పోనూ లేదు, బంగ్లాలు ఖాళీ అయి తడికలు అమ్ముడుపోనూ లేదు. అవన్నీ వసారాలో పేరుకుపోయాయి. గట్టును పట్టుకోవలసిన వేళ్లు ఇంట్లో కమ్మగా వాసన వేస్తుంటే నాకు ఒళ్లు మండేది.

వానాకాలం చివర, సైన్యం వస్తోందన్న రోజుల్లోనే వాగు పొంగింది. తలుపులు బిగించుకుని కూర్చున్నాం. పైన విమానాల మోత, పెరట్లో మట్టిపెళ్లలు విరిగి నీళ్లలో పడుతున్న చప్పుడు. విమానాలు ఎటో పోయేవి. ఆ చప్పుడు మాత్రం అంతకంతకూ దగ్గరవుతోంది. నాకు దానికే ఎక్కువ భయం వేసింది.

మధ్యాహ్నం నాన్న తలుపు తీశాడు. బయట కనిపించిన మనిషిని ఎవరు కాలుస్తారో తెలియని రోజులవి. అమ్మ ఆయన చొక్కా పట్టుకుంది.

"పానం కన్న బాయి ఎక్కువనా?"

"బాయి పోతే పానం దేంతోని నిలుపుకుంటమే?"

తడికలన్నీ మోసుకెళ్లి వెదురుబొంగులు పాతి గట్టుకు కట్టాడు. వాగు వాటిని ఒక్కొక్కటే ఊడబెరుక్కుని పోయింది. వెనక్కి రమ్మని అరవడానికి కూడా అమ్మకు భయమే. గట్టు తెగుతూ తెగుతూ బావి ఒడ్డున ఉన్న దుబ్బుల దాకా వచ్చింది. కింద మట్టి కరిగి వేళ్లు గడ్డంలా వేలాడాయి. నాన్న ఒట్టి చేతులతో చూస్తూ నిలబడ్డాడు. దుబ్బులు కదల్లేదు. పొద్దువాలేసరికి నీళ్లు తగ్గుముఖం పట్టాయి.

హైదరాబాదు లొంగిపోయిందన్న కబురు రేడియో ఉన్న ఇంటి నుంచి వచ్చింది. వీధిలో కొందరు కేకలు వేశారు, కొందరు తలుపులే తీయలేదు. నాయనమ్మ మాత్రం బావి దగ్గరి దుబ్బుల నుంచి పిలకలు చీల్చి గంపకెత్తింది.

"ఇప్పుడు సుత ఏమైతదో తెల్వదవ్వా," అన్నాడు నాన్న.

"పోతే నువ్వు పో. బాయి ఏడికి పోతది? దాని కోసం నాటు."

ఆ గట్టు మళ్లీ గట్టిపడడానికి కొన్నేళ్లు పట్టింది. వాగు తేటపడి, గడ్డి నీడన చేపపిల్లలు తిరగడం ఆ తర్వాతే చూశాను. కానీ మేం ఎక్కడికీ పోవడం లేదని నాకు ఆ సాయంత్రమే తెలిసింది. నాన్న మోకాళ్ల మీద కూర్చుని నాటుతున్నాడు. ఇంట్లో అమ్మ, గోడకు ఆనించిన మూటలు విప్పుతోంది.