పాట కింద మాట

ఈ మాట ఇంట్లో కూడా చెప్పలేదు. ఏళ్లుగా నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోతోంది. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను, అంతే.

మెదక్‌లో ఒక ఫొటో స్టూడియోలో పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేసేవాణ్ణి. వీడియోలన్నీ దాచే సర్వర్ చూసుకునేదీ నేనే. పెళ్లిళ్ల సీజన్‌లో అది నిండిపోయింది. ఒరిజినల్ వీడియోలు ఒక్కటీ డిలీట్ చేయొద్దని ఓనర్ మాట. వేరే డిస్కులోకి మార్చడానికి నాకు బద్ధకం. సర్వర్‌కు ఒక కమాండ్ ఇవ్వవచ్చు: ఫైలు పేరు ఉంటుంది, సైజు అంతే చూపిస్తుంది, లోపలి చోటు మాత్రం ఖాళీ అయిపోతుంది. ఆ తర్వాత చదివితే అన్నీ సున్నాలే. పాతవాటన్నిటికీ అదే ఇచ్చాను. ఓనర్ చూస్తే ఫైళ్లన్నీ ఉన్నాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను. పాటలు వేసిన వీడియో ఇచ్చేశాక ఒరిజినల్ ఎవరడుగుతారు?

సుజాత అడిగింది. పాపన్నపేట అమ్మాయి. తండ్రి పోయిన కొత్తలో వచ్చింది. మేమిచ్చిన వీడియోలో, అప్పగింతల దగ్గర ఆయన పెదవులు కదులుతుంటాయి, వినిపించేది సినిమా పాట.

“అన్నా, పాట వద్దు. మా బాపు నాతోని ఏమన్నడో గదొక్కటి ఇయ్యుండ్రి. ఏడ్సుకుంట నేను సక్కగ ఇనలే.”

ఫైలు తెరుచుకోదని నాకు తెలుసు. అయినా వెతికినట్టు నటించాను. “మైకు ఆన్ గాలే చెల్లె. గొంతు రికార్డే గాలే” అన్నాను. ఎంత సులువుగా వచ్చింది ఆ అబద్ధం!

ఆ పెళ్లి తీసిన నర్సింలు పక్కనే ఉన్నాడు. ముఖం నల్లబడింది. “ఏసిననే అనుకున్న... మరిచిన గావచ్చు. తప్పు నాదే చెల్లె.”

“పోనీ తియ్యన్నా. నువ్వు కావాలని జేసినవా?” అని కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది.

కావాలని చేసినవాణ్ణి నేను, అక్కడే కూర్చుని ఉన్నాను. నోరెందుకు పెగల్లేదు? ఉద్యోగం పోతుందని. ఆ ఉద్యోగం తర్వాత ఎలాగూ పోయింది. మరి అప్పుడైనా ఎందుకు చెప్పలేదు?

నర్సింలు కెమెరా ముట్టడం మానేశాడు. ఇప్పుడు పాపన్నపేట రోడ్డులో ఆటో నడుపుతున్నాడు. నన్ను చూస్తే “రాండ్రి అన్నా” అని ముందు సీట్లో చోటిస్తాడు. సుజాత ఎక్కితే మాత్రం దారంతా తల తిప్పడు.

చెప్పాల్సింది ఇంకొకటి మిగిలింది. ఆ గొంతు నేను విన్నాను. పాట వేయడానికి ముందు హెడ్‌ఫోన్‌లో విని, మ్యూట్ చేశాను. ఏమన్నాడో ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు. ఇది రాస్తుంటే ఛాతీ కాస్త వదులైంది. దానికీ సిగ్గుగానే ఉంది.

మైకు ఆన్‌లోనే ఉంది.