తొంభై ఏడో పేజీ

పాత తత్త్వశాస్త్ర గ్రంథాలను ఫొటో తీసి, మరకలతో, అచ్చుతప్పులతో సహా ఉన్నదున్నట్టు మళ్లీ వేస్తారు చూడండి, ఆ ప్రతులు కొనడం నా పిచ్చి. బరంపురంలో మా ఇంటి బీరువాలో చీరలన్నీ కింది అరలోకి దిగి, పై అరలు వీటికి వదిలేశాయి.

ఒకసారి తెలుగు తాత్పర్యమున్న సాంఖ్య గ్రంథం తెప్పించాను. చేయకముందే కుండ మట్టిలో ఉందంటాడు గ్రంథకర్త. ఉంటే ఇక కుమ్మరి ఎందుకని ప్రతివాది అడుగుతాడు. అది తొంభై ఆరో పేజీ. దాని పక్కనే నూట ఒకటి: 'కాబట్టి నీ వాదం నిలవదు.' ఫొటో తీసిన అసలు ప్రతిలోనే రెండు ఆకులు లేవు. ఎందుకు నిలవదో తెలియక నెల రోజులు నాకు కుమ్మరి ధ్యాసే.

మా వీధిలో ఎండుచేపలు అమ్మే ఆయనతో చెబితే, రంభ అనే ఊళ్లో వాళ్ల పిన్ని ఇంట్లో అలాంటి పుస్తకమే ఉందన్నాడు. ఆదివారం బస్సెక్కాను. డెబ్బై దాటిన ఆవిడ, గుడ్డలో చుట్టిన పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. అది వాళ్ల మామగారిదట. రోజూ చదివేవారట, మొత్తం నోటికి వచ్చట.

నిజంగా అదే పుస్తకం. తొంభై ఏడో పేజీ చదివి తిప్పబోతే ఆకు విడిరాలేదు. పూర్వం కొన్ని పుస్తకాలు అంచులు కోయకుండానే వచ్చేవి. చదివేవాళ్లే కత్తితో విడదీసుకోవాలి. అక్కణ్ణుంచి చివరిదాకా ఒక్క ఆకూ కోసిలేదు. ఎలా చెప్పాలో తోచక, నెమ్మదిగా చూపించాను.

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, ఆకుల మధ్య వేలు దూర్చి చూసింది. కాసేపటికి నవ్వడం మొదలెట్టి, కొంగుతో కళ్లు తుడుచుకునేదాకా నవ్వింది.

"మాంగారు సదువుకుంతన్నారని గిన్నెలు సప్పుడు కాకుండా తోమీవోలం బాబూ. నలభయ్యేళ్లు."

"కొయ్యమంటారా అమ్మా?" వద్దంటే లేచి వచ్చేద్దామనే అనుకున్నాను.

ఆవిడ వంటింట్లోంచి కూరగాయల కత్తి తెచ్చింది. "నానే కోత్తాను. నువ్వు గట్టిగా పట్టుకో."

జవాబు దొరికింది. కుమ్మరి కుండను పుట్టించడు, దాన్ని మరుగుపరిచిన అడ్డు తొలగిస్తాడంతే. నాకు ప్రాణం కుదుటపడింది. ఆవిడ అడిగితే విడమరిచి చెప్పాను. కత్తి పక్కన పెట్టింది.

"మరైతే పగిలిపోయిన కుండ ఏటైపోద్ది?"

నాకు తెలియదన్నాను. ఇంకా కొయ్యని పేజీల్లో ఎక్కడో ఉండాలి. ఆవిడ మళ్లీ కత్తి అందుకుంది. నేను ఫోనుతో ఫొటోలు తీస్తూ, ఆవిడ కోస్తూ, బరంపురం బస్సులు రెండు వదిలేశాం. చీకటిపడే వేళకు నూట ముప్ఫయ్యో పేజీ దాకా వచ్చాం.