మెచ్చుకోళ్ళన్నీ వాడికే

నా జీపు క్లచ్ ప్లేటు ఆ శుక్రవారం పొద్దున్నే పోయింది. పోకపోయుంటే రోజూలాగే ఘాట్ రోడ్డు మీద ఉండేవాణ్ణి. నా ఇంట్లో, నా టీవీ ముందు కూచుని నా భార్య ఎవణ్ణి చూసి మురిసిపోతోందో నాకు తెలిసేదే కాదు. తెలియకపోతే ఎంత హాయిగా ఉండేదో!

మాది అరకు దగ్గర ఒక ఊరు. సంత రోజుల్లో ముంచింగిపుట్టు, చలికాలం మంచు చూస్తామంటూ వచ్చే టూరిస్టులతో లంబసింగి, మిగతా రోజుల్లో శృంగవరపుకోట దాకా దిగడం, మళ్ళీ ఎక్కడం. ఇదీ నా పని. గొప్పలు చెప్పుకుంటున్నాననుకోకండి గానీ, ఆ ఘాట్‌లో నాలా బండి నడిపేవాడు లేడు. మంచు మరీ దట్టంగా ఉన్న పొద్దుల్లో కుర్ర డ్రైవర్లు నా బండి వెనక లైటు చూసుకుంటూ దిగుతారు. టూరిస్టులు దిగేటప్పుడు నా చెయ్యి పట్టుకుని ఊపేస్తారు. ఇంత ఉండి ఏం లాభం? నా భార్య మాత్రం పెళ్ళయిన దగ్గర్నుంచి ఒక్కసారంటే ఒక్కసారి "నువ్వు బాగా తోలుతావు" అన్న పాపాన పోలేదు. బండెక్కితే వంకలే. ఇటు రాయుంది, అటు గొయ్యుంది, నడుం విరిగిపోయింది. ఫలానావాళ్ళు మెచ్చుకున్నారని ఇంటికొచ్చి చెప్పబోతే మాట పూర్తికాకుండానే "సాల్లే, ముందు కాళ్ళు కడుక్కో" అనేది. ఆ ఒక్క మాట కోసం లోపల్లోపల ఎంత కాచుకుని ఉన్నానో నాకే తెలుసు. మగవాణ్ణి, అడుక్కోలేను కదా!

జీపుని షెడ్డులో వదిలేసి నడుచుకుంటూ వచ్చాను. విశాఖ నుంచి కొత్త ప్లేటు వచ్చి బండి తయారయ్యేసరికి ఆదివారం పొద్దున్న అవుతుందన్నాడు మెకానిక్కు. గుమ్మంలో అడుగు పెట్టానో లేదో, లోపల్నుంచి మా ఆవిడ గొంతు.

"అబ్బబ్బ! ఏటి తోలుతన్నాడే గుంటడు! ఎన్నపూసలో ఏలు తిప్పినట్టు తిప్పీసినాడు!"

ఒక్క క్షణం నా గురించేమో అనుకున్నాను. నా మొహం! చూద్దును కదా, టీవీలో కార్ల రేసు. డిగ్రీ చదివే మా అమ్మాయి సెలవులకొచ్చి ఫోన్లోది టీవీకి ఎక్కించింది. ప్రపంచంలోకెల్లా పెద్ద రేసట. ఎక్కడో సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్ళో రోడ్డుకి రెండు పక్కలా గోడలు పెట్టి నడుపుతున్నారట. శుక్రవారం ప్రాక్టీసు, శనివారం ఎవరు ముందు నిలబడాలో తేల్చే పోటీ, ఆదివారం అసలు రేసు. మా ఆవిడ ఒళ్ళో చేట పెట్టుకుని కాఫీ గింజలు ఏరుతోంది. ఏరుతోందన్న పేరే గానీ చూపు గింజల మీద లేదు. నీలం హెల్మెట్టు పెట్టుకున్న ఒక కుర్రాడి మీద ఉంది.

"ఇదేటే, రేసంటున్నావు, ఒకడి వెనక ఒకడు తాపీగా తిరుగుతున్నారు?" అన్నాను.

"ప్రాక్టీసు నాన్నా. రోడ్డు అలవాటు చేసుకుంటున్నారు" అంది మా అమ్మాయి.

నాకు నవ్వొచ్చింది. రోడ్డు అలవాటు చేసుకోడమేమిటి? అది కూడా ఖాళీ రోడ్డు! ఎదురుగా బస్సు రాదు, కలప లారీ రాదు, అడ్డంగా మేక రాదు. అందరూ ఒకే వైపు పోతారు. గొయ్యి లేదు, మంచు లేదు, వానకి జారిపడిన బండరాయి లేదు. ఇదంతా నేను గట్టిగానే అన్నాను, వినాల్సినవాళ్ళకి వినపడాలని.

"ఆ రోడ్డు మీద మా మేనత్త కూడా తోలుతాది" అని ముగించాను.

"మీ మేనత్తని ఎల్లి తోలమను, సూద్దాం" అంది మా ఆవిడ తల తిప్పకుండానే. "ఆ మలుపు సూడు మావా. గోడకి ఎంటిక వాసిలో పోనాడు. ఈడి సేతులు సల్లగుండ!"

ఒళ్ళు భగ్గున మండింది. అంతకంటే సన్నటి దారిలో, ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, ఎదురుగా బస్సు, మధ్యలోంచి నేను తీసుకెళ్ళిన రోజున పక్క సీట్లో ఉన్నది ఈవిడే. ఆ రోజు ఏమంది? "బేగి పోనీ, పొయ్యి మీద పప్పుంది" అంది. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా!

ఆ సాయంత్రం అన్నం సహించలేదు. ఎందుకని కూడా అడగలేదు మహాతల్లి. "గుంటడికి పెళ్ళయిందంటావా?" అని మా అమ్మాయిని అడుగుతోంది.

శనివారం నాకు చెయ్యడానికి పనేమీ లేదు. పెరట్లోకి వెళ్ళి వచ్చాను, షెడ్డు దాకా వెళ్ళి వచ్చాను, చివరికి పోటీ మొదలయ్యే వేళకి ఏమీ ఎరగనట్టు టీవీ ముందు చేరాను. ముందు నిలబడే చోటు కోసం పోటీ అంటే మా జీపు స్టాండులో సీరియల్ నంబరు లాంటిదే అనుకున్నాను నేను. పొద్దున్నే ఎవడు ముందొచ్చి బండి పెడితే వాడిదే మొదటి ట్రిప్పు. చీకటితో లేచే అలవాటున్నవాడికి అది ఒక పోటీ కాదు.

"మీ నీలం హెల్మెట్టువాడు బద్ధకస్తుడిలా ఉన్నాడు. తెల్లారగట్లే వచ్చి నిలబడితే సరిపోయేది కదా" అన్నాను.

మా అమ్మాయి కడుపు పట్టుకుని నవ్వింది. ఒక్కొక్కడూ ఒంటరిగా ఒక చుట్టు తిరగాలనీ, ఎవడు అందరికంటే తొందరగా తిరిగొస్తే వాడు ముందనీ చెప్పింది. మా ఆవిడ నవ్వలేదు. ఆవిడకి నా మాట వినపడితే కదా! వాడు మూడోవాడిగా వచ్చాడు. ఒళ్ళో చేట సంగతి మరిచి ఆవిడ లేచి నిలబడింది. చేటలో గింజలన్నీ నేల మీద జారిపోయాయి.

"మూడోవోడు! అంతమంది దొరల్లో మూడోవోడు! ఏటి తోలడం, ఏటి తోలడం! ఈడి కడుపు సల్లగుండ, ఈడి లాగ తోలీవోణ్ణి నాను సూడనేదు!"

సూడనేదట! నేను ఎదురుగా మంచం మీద కూచునే ఉన్నాను. నేల మీది గింజలన్నీ నేనే ఏరాను, పళ్ళు కొరుక్కుంటూ. ఏరుతుంటే ఒక ఆలోచన వచ్చింది. ఆదివారం పొద్దున్న బండి చేతికొస్తుంది, పక్కూరి సంతకి ఈవిణ్ణి తీసుకెళ్తాను, అసలు నడపడమంటే ఏమిటో చూపిస్తాను. అప్పుడు ఎలా అనదో చూద్దాం!

అలాగే చేశాను. ఆ రోజు నడిపినట్టు నేను నా జన్మలో నడపలేదు. గేరు మార్చితే చప్పుడు లేదు. మలుపుల్లో ఆవిడ ఒళ్ళోని బుట్ట కదల్లేదు. ఒక చోట ఎదురుగా బస్సు ఎక్కుతూ వచ్చింది. దిగే బండి ఆగి ఎక్కే బండికి దారివ్వాలన్నది మా ఘాట్ మర్యాద. వెనక్కి చూడకుండా అద్దంలోనే చూసుకుని, లోయ అంచు వెంబడి బండిని వెనక్కి పోనిచ్చి, దారిచ్చాను. బస్సు డ్రైవరు చెయ్యెత్తి సలాం కొట్టాడు. గర్వంగా పక్కకి తిరిగి చూశాను.

ఆవిడ కళ్ళు మూసుకుని ఉంది. నిద్రో, ఏమో. కొంగు కొస పళ్ళ మధ్య పెట్టుకుని, సీటుకి తలానించి, గట్టిగా కళ్ళు మూసుకుని ఉంది.

సంతలో దిగి చీర దులుపుకుని, "ఉల్లిపాయలు అయిపోతాయి, బేగి రా" అంది. అంతే. తిరిగొచ్చేటప్పుడు కావాలని ప్రతి గోతిలోనూ దించాను. అప్పుడు మాత్రం కళ్ళు తెరిచి, వంక పెట్టడానికి చక్కగా నోరు తెరిచింది.

సాయంత్రం రేసు. అక్కడ లైట్లు వేసి నడుపుతున్నారు. పెద్ద పెద్ద టోపీల వాళ్ళు, కెమెరాలు, ఒక్కో కారు చుట్టూ గుంపుగా మనుషులు. చక్రం మార్చడానికే అంతమంది! మా ఘాట్‌లో పంక్చరైతే నేనే జాకీ, నేనే పానా. కార్లు కదిలాయి. వాడు మొదట్లోనే ఒకణ్ణి దాటేశాడు, రెండోవాడయ్యాడు. మా ఆవిడ అరుపులకి పక్కింటివాళ్ళ కుక్క మొరగడం మొదలెట్టింది.

"ఎల్లు నాయనా, ఎల్లు! నీకెవుడు సాటి! నీ అంతోడు పుట్టనేదు!"

ఇంక నా వల్ల కాలేదు. లోపల అనుకున్నాను, నోరు కదపకుండా అనుకున్నాను. వీడు పోయి ఆ గోడకి గుద్దుకుంటే బాగుణ్ణు.

సగం రేసు కూడా అవకుండానే గుద్దుకున్నాడు. మలుపులో కారు వెనక భాగం జారింది, గిర్రున తిరిగి గోడకి పక్కవాటుగా తగిలింది. చక్రం ఒకటి ఊడి దొర్లుకుంటూ పోయింది. పసుపు జెండాలు ఊపుతున్నారు. వాడు కదలడం లేదు. నిజం చెప్పాలంటే మొదట కాస్త హాయిగా అనిపించింది. ఆ వెంటనే మంచం దిగి టీవీ దగ్గరికి జరిగాను. వాడు నా పోటీదారే కావచ్చు గానీ, స్టీరింగు పట్టుకున్నవాడు కదా.

మా ఆవిడ చివాల్న లేచి వంటింట్లోకి పరిగెత్తింది. ఏడవడానికి వెళ్ళిందనుకున్నాను. ఎవడో ముక్కూ మొహం తెలియనివాడి కోసం ఏడుపు కూడానా అనుకున్నాను. గుప్పెట్లో రాళ్ళుప్పు, ఎండుమిరపకాయలు పట్టుకుని తిరిగొచ్చింది. వచ్చి టీవీ ముందు నిలబడి, ఆ విరిగిన కారు బొమ్మ చుట్టూ కుడి నుంచి ఎడమకీ ఎడమ నుంచి కుడికీ తిప్పడం మొదలెట్టింది.

"ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి... నా దిష్టి, నా పాపిష్టి దిష్టి, తూ, తూ..."

"అమ్మా, ఏటిది!" అని మా అమ్మాయి నవ్వబోయి, వాళ్ళమ్మ మొహం చూసి ఆగిపోయింది. ఆవిడ తిప్పడం ఆపలేదు. వంటింట్లోకెళ్ళి అవన్నీ పొయ్యిలో వేసింది. మిరపకాయలు కాలుతున్నాయి గానీ ఒక్కరికీ దగ్గు రాలేదు. ఘాటు రాకపోతే దిష్టి ఉన్నట్టే.

"సూసేవా, ఘాటు రానేదు" అంది నా వైపు తిరిగి. "నా నోరే. మూడు రోజుల్నుంచీ అదే పనిగా అన్నాను కాదా. నాను సంపీసినాను ఆ పిల్లణ్ణి."

అంతలో టీవీలో వాడు చెయ్యెత్తాడు. ఇద్దరు మనుషులు పట్టుకుంటే బయటికొచ్చి తన కాళ్ళ మీద తను నడిచాడు. మా ఆవిడ పొయ్యి దగ్గర నుంచే చూసి, గోడకి చేరబడి నేల మీద కూలబడింది.

నేను వెళ్ళి పక్కన కూచున్నాను. ఎలా అడగాలో తెలియలేదు. అయినా అడిగేశాను.

"వాడికింత మెచ్చుకోలు. నన్ను ఇన్నేళ్ళలో ఒక్క మాట అన్నావేటే?"

నన్ను వింతగా చూసింది. చంటిపిల్లాణ్ణి బొద్దుగా ఉన్నాడనకూడదని తెలియని వెధవని చూసినట్టు.

"ఆడు నాకేటవుతాడు మావా? పరాయోడు. ఆడినెంత అన్నా ఏటవుద్దిలే అనుకున్నాను. సూడు ఏటయిపోనాదో. అలాటిది నిన్ను అనీసి, పొద్దున్నే ఘాటీలోకి ఎలగ అంపీదాన్ని?"

నేను పొయ్యిలో కట్టె ఒకటి ముందుకి తోశాను.

"మా అమ్మ సెప్పింది, బండి తోలీవోణ్ణి ఇంట్లో మనిషి మెచ్చుకోకూడదని. ఊళ్ళోవోల్లు మెచ్చుకున్నారని నువ్వొచ్చి సెప్తే నాకు గుండె దడ. నోటి సివరిదాకా వచ్చీది, మింగీసీదాన్ని."

"మరి పొద్దున్న? నిద్రపోయావు కదా బండిలో."

"నిద్రేటి, నీ మొకం! ఆ బస్సుకి దారిచ్చినప్పుడు సూసేను. ఇంక సూస్తే నోరు జారి అనీగల్నని కళ్ళు మూసీసుకున్నాను. కొంగు నోట్లో కుక్కుకున్నాను." లేచి చీర సర్దుకుంది. "నాను బతికుండగా ఆ మాట నీకు ఇనపడదు. ఆశ పెట్టుకోకు."

కాచుకున్న మాట ఇక రాదని తేలిపోయింది. అయినా అంత సంతోషం నాకు ఎప్పుడూ కలగలేదు. ఆ తర్వాత కొన్నాళ్ళు ఘాట్‌లో ఈల వేసుకుంటూ నడిపాను. ఇంటికొస్తే ఆవిడ ఏ వంక పెట్టినా చెవులకి ఇంపుగా ఉండేది. రాయి మీదకెక్కించావంటే చాలు, పొంగిపోయేవాణ్ణి.

కొన్ని వారాలకి ఇంకో ఊళ్ళో ఇంకో రేసు వచ్చింది. ఆ రోజు టూరిస్టుల్ని దింపేసి పెందరాళే ఇంటికొచ్చాను. నీలం హెల్మెట్టువాడు మళ్ళీ వచ్చాడు, ఏమీ కానట్టు. ఒక మలుపులో ఇద్దర్ని ఒకేసారి దాటాడు. నాకే నోట్లోంచి "అబ్బో" అని వచ్చేసింది. మా అమ్మాయి చప్పట్లు కొట్టింది. మా ఆవిడ మాత్రం ఉలకలేదు, పలకలేదు.

చూద్దును కదా, కొంగు కొస పళ్ళ మధ్య ఉంది. కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది.

"చూడవేం? బాగా నడుపుతున్నాడు కదా" అన్నాను.

"ఏటి బాగు?" అంది కళ్ళు తెరవకుండానే. "ఆ మలుపులో అంత తొందరేటి? ఒళ్ళు దగ్గరెట్టుకుని తోలమను. నడుం ఇరుగుతాది."

ఆ వంక నాది. పెళ్ళయిన దగ్గర్నుంచి నా ఒక్కడిది. వాణ్ణి ఎంత మెచ్చుకున్నా ఓర్చుకున్నాను గానీ, ఇది మాత్రం ఓర్చుకోలేకపోయాను.

"మెచ్చుకోవే వాణ్ణి" అన్నాను. "నీకు దణ్ణం పెడతాను, ముందటిలాగే మెచ్చుకో."

ఆవిడ మెచ్చుకోలేదు.